శుక్రవారం మాత్ర

ప్రేమజ్యోతి మా ఊరి ఆరోగ్య కేంద్రానికి వచ్చిన మొదటి వారమే నా చేత తిట్లు తింది. నా పేరు తిరుపతమ్మ. ఈ ఊళ్ళో ఏఎన్‌ఎమ్‌ను. పిల్లలకు టీకాలు వేయడం, గర్భిణులను చూడడం, ఎండలో ఇల్లిల్లూ తిరగడం, ఈ పనిలోనే తల నెరిసింది. నాకు నోరెక్కువని ఊరంతటికీ తెలుసు. ఓర్వకల్లు నుంచి లోపలికి, రాళ్ళగుట్టల వెనక ఉన్న మా ఊరికి పనిమీద వచ్చినవాళ్ళెవరూ ఎక్కువకాలం నిలవరు. ఈ పిల్ల ఎక్కడో వేంపల్లె నుంచి వచ్చింది. బీఎస్సీ నర్సింగ్ చదివి, ఆపైన ఇంకో కోర్సు చేసి, జనానికి బీపీ, షుగరు చూసి, ట్యాబ్‌లో డాక్టరును పిలిచి, ఆయన చెప్పిన మాత్రలు ఇచ్చే ఉద్యోగంలో చేరింది. వచ్చీ రాగానే నా బల్లను మూలకు జరిపించింది.

"ఎవరినడిగి జరిపినావు?" అని అరిచాను.

"అడిగింటే జరపనిస్తాంటివా అక్కా?" అని నవ్వింది.

ఇచ్చేదాన్ని కాదు, నిజమే. ఆ నవ్వుకే సగం కోపం పోయింది. మిగిలిన సగం ఆమె పని చూశాక పోయింది. మధ్యాహ్నం ఎండలో కూడా చర్చి చుట్టూ ఉన్న వాడకు, చర్చిగేరికి పోయి, నడవలేని ముసలివాళ్ళ వేలు గుచ్చి షుగరు చూసి వచ్చేది. అక్కడే ఒక గది అద్దెకు తీసుకుంది. ఆమె కూడా క్రైస్తవుల బిడ్డే కాబట్టి ఆ గేరివాళ్ళు ఆమెను సొంత మనిషిలాగే చూసుకున్నారు.

మా ఊళ్ళో షుగరు మాత్రలు మానడానికి జనం దగ్గర లేని సాకంటూ లేదు. పెండ్లికి పోయినా మానేస్తారు, చావుకు పోయినా మానేస్తారు. ఒంట్లో బాగుందని మానేస్తారు, బాగలేదని కూడా మానేస్తారు. ఎవరు మానేశారో ఆ ట్యాబ్‌లో ఎర్రగా కనిపిస్తుంది. ఎరుపు ఎక్కువైతే కర్నూలు మీటింగులో లేపి నిలబెట్టి అడుగుతారు. అందుకని ప్రేమజ్యోతి ఒకే మాట పట్టుకుంది. "పండగైనా, పబ్బమైనా, యాడికి పోయినా సరే, పొద్దున మాత్ర మానొద్దు." ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందంటే గేరిలో పిల్లలు ఆమెను వెక్కిరిస్తూ అదే మాట అరుచుకుంటూ ఆడుకునేవారు.

ఆ మాటను అందరికంటే గట్టిగా పట్టుకున్న మనిషి విశ్వాసమ్మ. చర్చిలో ఆడవాళ్ళందరికీ ముందు పాటెత్తేది ఆమే. మొగుడు పోయాక ఉల్లి చేలల్లో, మిరప చేలల్లో కూలిచేసి కొడుకును పెంచింది. షుగరు ముదిరి కాలిమీద పుండు మానకపోతే, ప్రేమజ్యోతి రోజూ ఇంటికి పోయి కడిగి కట్టు కట్టింది. మేమందరం కాలు తీసేయాల్సిందే అనుకున్నాం. పుండు మానింది. ఆ రోజు నుంచి విశ్వాసమ్మకు ఆ పిల్ల మాటంటే మాటే. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి ఆమెకు పంపనిదే తను తినేది కాదు.

"నీకు మాటిచ్చినా బిడ్డా, మాత్ర మానితే ఒట్టు," అంది ఒకసారి నా ముందే. వెంటనే నాలుక కరుచుకుంది, ఒట్టు పెట్టుకోవడం వాళ్ళలో తప్పంట. "ఒట్టు కాదులే. మాటంటే మాటే," అంది.

కర్నూల్లో జరిగిన ట్రైనింగులో ఎరుపు తక్కువున్న కేంద్రం మాదే అని ప్రేమజ్యోతిని వేదిక మీదికి పిలిచి చప్పట్లు కొట్టారు. రోగులకు ఎలా నచ్చజెప్పాలో మిగతా నర్సులకు ఆమె చేతే చెప్పించారు. పిల్ల మైసూరుపాకు కొనుక్కుని వచ్చింది. "షుగరోళ్ళ నర్సువు, మిఠాయి పంచుతాండావా? సిగ్గు ల్యా?" అని ఆటపట్టించి నేను రెండు ముక్కలు తిన్నాను. అంత సంతోషంగా ఆమెను మళ్ళీ చూడలేదు.

ఈస్టరుకు ముందు వాళ్ళకు శ్రమదినాలు వస్తాయి. ఆ రోజుల్లో చర్చిగేరిలో శుక్రవారాలు ఉపవాసం. పొద్దున లేచింది మొదలు, మధ్యాహ్నం ప్రార్థన ముగిసేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. ప్రేమజ్యోతి కూడా చిన్నప్పటి నుంచి ఉంటుంది. ఉపవాసం సంగతి ఆమెకు తెలుసు, మాత్ర సంగతి అంతకంటే బాగా తెలుసు. కానీ ఉపవాసం ఇంట్లో నేర్చుకున్నది, మాత్ర కాలేజీలో నేర్చుకున్నది. ఆ రెండూ ఆమె తలలో ఒకచోట కలవలేదు. ఏమీ తినకుండా ఆ మాత్ర వేసుకుంటే చక్కెర పాతాళానికి పడిపోతుందని ఎవరికీ చెప్పలేదు. పైగా అంతకుముందే డాక్టరు విశ్వాసమ్మకు మాత్ర బలం పెంచాడు. విశ్వాసమ్మ దేవుడికిచ్చిన మాటా తప్పలేదు, ఈ పిల్లకిచ్చిన మాటా తప్పలేదు.

ఆ శుక్రవారం నేను పక్క ఊళ్ళో టీకాలు వేసి వచ్చి కేంద్రంలో డబ్బా దించుతున్నాను. ప్రేమజ్యోతి చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చి, షుగరు మిషను, గ్లూకోజు, సూదులు సంచిలో వేసుకుని మళ్ళీ పరుగెత్తింది. ఏమైందని అడుగుతూ నేనూ వెనకాల పరుగెత్తాను. చర్చిలో ఆడవాళ్ళ వైపు గోడకు ఆనుకుని విశ్వాసమ్మ ఒరిగిపోయి ఉంది. రవిక, చీర చెమటకు తడిసి ముద్దయ్యాయి. వేలు గుచ్చితే మిషనులో అంకె రాలేదు. అంకె కూడా చూపించలేనంత కిందికి పడిపోయిందన్నమాట. ప్రేమజ్యోతి నరం దొరికించుకుని గ్లూకోజు ఎక్కించింది. విశ్వాసమ్మ కళ్ళు తెరవలేదు. అంబులెన్సు వచ్చేదాకా ఉండలేక కొడుకు ప్రేమయ్య తన ఆటోలోనే ఎక్కించుకున్నాడు. కర్నూలు దారిలో నన్నూరు దాటకముందే ప్రాణం పోయింది. కర్నూలు ఆసుపత్రిలో చూసి, గుండె ఆగిపోయిందన్నారు. ఎవరి గుండె అయినా చివరకు ఆగేదే కదా. ఎందుకు ఆగిందో అడిగేవాళ్ళెవరూ అక్కడ లేరు.

ఎందుకు ఆగిందో ఊళ్ళో ఇద్దరికే తెలుసు, ఆ పిల్లకూ నాకూ.

మట్టి చేసి వచ్చాక, మరుసటి రోజు కేంద్రంలో తలుపు దగ్గరికి వేసి ప్రేమజ్యోతి నాకు చెప్పింది.

"అక్కా, నేను చూసినా."

"ఏం చూసినావు?"

"పాట నడుస్తాంటే అవ్వ వణుకుతాండె. చెమటలు కారతాండె. నోట్లో ఏదో గొణుగుతాండె. నేను పక్క వరసలోనే కూర్చోనుంటి. అందరూ ఆత్మ వచ్చిందనిరి. నేను కూడా అట్లే అనుకుంటి అక్కా. మా నాయనను కన్న జేజి ప్రార్థనలో అట్లే వణుకుతుంది. చిన్నప్పుడు నుంచి చూస్తాండా కదా. అప్పుడు ఎవరూ తాకకూడదంటారు. కండ్లు మూసుకోని ఇంకా గట్టిగా పాడితి." వెక్కి వెక్కి ఏడ్చింది. "షుగరు పడిపోతే మనిషి ఎట్లుంటాడని పరీక్షలో రాసినా అక్కా. ఫస్టు మార్కు వచ్చింది. చర్చిలో కూర్చుంటే నేను నర్సునని యాదికే రాల్యా."

నాకు ఆమెను తిట్టడానికి నోరు రాలేదు. దగ్గరికి తీసుకుని వీపు నిమిరాను. నాకూ ఏడుపు ఆగలేదు.

మా ఇద్దరితోనే అది ముగిసిపోయుంటే బాగుండేది. అలా ముగియలేదు. సమాధి దగ్గర పాస్టరు ఏసన్న, విశ్వాసమ్మ ఆత్మలో నిండి, పాట వింటూ, ప్రభువు సన్నిధిలోనే కన్ను మూసిందని చెప్పాడు. గేరి మొత్తం అదే మాట. ప్రేమయ్యకైతే ఆ మాటే అన్నమూ నీళ్ళూ అయింది. తల్లిని మంచి ఆసుపత్రికి తీసుకుపోలేకపోయానని, ఆటో కిస్తీలు కట్టుకుంటూ ఆమెను కూలికి పంపానని ఏళ్ళ తరబడి కుమిలిన మనిషి వాడు. ఇప్పుడు ఆటో ఎక్కిన ప్రతివాళ్ళకీ చెప్పుకునేవాడు.

"మాయమ్మ బతికినన్నాళ్ళు సుఖపడల్యా అప్పా. సావు మాత్రం దేవుడు రాణిగారి సావు ఇచ్చినాడు. నేను డోలక్ వాయిస్తాంటే, ఆ పాటలోనే పోయింది."

వాడే చర్చిలో డోలక్ వాయించేది. తల్లి వణకడం చూసి, ఆత్మ దిగిందని, ఆ రోజు వాడు దెబ్బ ఇంకా జోరు చేశాడు.

వచ్చే శుక్రవారం విశ్వాసమ్మ పేరున గేరిలో అందరూ ఉపవాసం ఉండాలని పాస్టరు ప్రకటించాడు. ఎప్పుడూ ఉండని ముసలివాళ్ళు కూడా ఉంటామన్నారు. మాత్రల కోసం కేంద్రానికి వచ్చిన ఆడవాళ్ళు సంబరంగా చెప్పారు. "మాత్ర కూడా మానంలే సిస్టరమ్మా. విశ్వాసమ్మ మాదిరి రెండూ చేస్తాము."

ఆ సాయంత్రమే ప్రేమజ్యోతి ట్యాబ్‌లో డాక్టరును పిలిచి ఉన్నదంతా చెప్పింది. ఆయన మంచివాడే, కానీ భయస్థుడు. "కాగితం మీద గుండె అని రాసేశారమ్మా. ఇప్పుడు నువ్వు కదిలిస్తే వాళ్ళు మనమీదికి వస్తారు. నీది కాంట్రాక్టు ఉద్యోగం, ఆలోచించుకో. మెల్లగా సలహా మార్చి చెప్పు, చాలు," అన్నాడు. నేనూ అదే అన్నాను. ఎందుకు చెప్తున్నామో చెప్పాల్సిన పనేముంది? ఉపవాసం రోజు మాత్ర వేసుకోవద్దు, వేసుకుంటే తినండి అంటే సరిపోతుంది కదా.

ఆ పిల్ల మెల్లగానే చెప్పి చూసింది. ఇల్లిల్లూ తిరిగింది. నేనూ వెంట పోయాను. మానొద్దు మానొద్దు అని చెవుల్లో ఊదిన మాట ఇప్పుడు మానమంటే ఎవరు వింటారు? "నువ్వే కదమ్మా మానొద్దంటివి?" అని నవ్వారు. పోనీ మాత్ర వేసుకుని తినమంటే అస్సలు వినలేదు. ఒక ముసలామె ప్రేమజ్యోతి గడ్డం పట్టుకుని ముద్దుగా అంది. "విశ్వాసమ్మ తినిందా బిడ్డా? చూసినావు కదా, దేవుడు ఎట్ల పిల్చుకున్న్యాడో. నాకూ అట్లాంటి సావే రానీ."

కేంద్రానికి తిరిగి వచ్చాక ప్రేమజ్యోతి, "అది మంచి చావు కాదని చెప్పాల అక్కా. చెప్పకుంటే ఎవరూ తినరు," అంది.

నాకు ఒళ్ళు మండింది. "నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఆ ప్రేమయ్య నిన్ను బతకనిస్తాడా? గేరి మొత్తం రాళ్ళెత్తుతుంది. ఉద్యోగం పోతుంది. ముఖ్యంగా ఆ మనిషి సంగతి చూడవే. వాడు ఆ ఒక్క మాట పట్టుకోని నిలబడుండాడు. అది కూడా పీకేస్తావా?"

"పీకకపోతే ఇంకొక కొడుకు ఏడుస్తాడు కదక్కా. చప్పట్లు కొట్టినప్పుడు వేదిక మీద నిలబడితి. ఇప్పుడు యాడ దాక్కోవాల?"

కనీసం ప్రేమయ్యకు ముందు ఒంటరిగా చెప్పమన్నాను. నలుగురిలో వింటే తట్టుకోలేడు. పోయింది. పోయినట్టే తిరిగి వచ్చింది. వాడు చేయి పట్టుకుని ఇంట్లోకి పిలిచి, టీ పోయించి, తల్లి ఫోటో పెద్దది చేయించి గోడకు పెట్టింది చూపించాడట. "నీ వల్లనే సిస్టరమ్మా, మాయమ్మ కాళ్ళమీద నడుచుకుంటా దేవుని దగ్గరికి పోయింది," అన్నాడట. ఆ టీ తాగి లేచి వచ్చేసింది.

శుక్రవారం పొద్దున్నే నేను కూడా చర్చికి పోయాను. నేను హిందువును, ఎప్పుడూ లోపల కూర్చోలేదు. పిల్లను ఒక్కదాన్నే పంపడానికి మనసొప్పక, చెప్పులు బయట విడిచి తలుపు పక్కన కూర్చున్నాను. ఎవరైనా చేయెత్తితే అడ్డం పోదామనే పోయాను. చర్చి నిండా జనం. ప్రేమయ్య డోలక్ ఒళ్ళో పెట్టుకుని, తల్లి గుర్తుకు తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. మొదటి పాట కాగానే ప్రేమజ్యోతి లేచి పాస్టరును అడిగింది. సాక్ష్యం చెప్తుందనుకుని ఆయన సంతోషంగా పిలిచాడు.

ఆమె ముందుకు పోయి నిలబడింది.

"షుగరు మాత్ర వేసుకోని ఏమీ తినకుంటే ఒంట్లో చక్కెర పడిపోతుంది. చెమటలు పడతాయి, వణుకు వస్తుంది, నాలుక మందమవుతుంది. మాట సరిగ్గా రాదు. అప్పుడు ఇంత చక్కెర నోట్లో వేస్తే మనిషి బతుకుతాడు. వేయకుంటే పోతాడు. విశ్వాసమ్మవ్వకు ఆ పొద్దు అయ్యింది ఇదే. మాత్ర మానొద్దని చెప్పింది నేను. తినకుండా వేసుకోవద్దని చెప్పల్యా. వణుకుతాంటే పక్కనే ఉండి చూసినా. ప్రార్థన అనుకున్నా. నేను నర్సును, నాకు తెలిసుండాల. ఈ పొద్దు షుగరు ఉండేవాళ్ళు ఎవరూ ఉపవాసం ఉండొద్దండి. మీ కాళ్ళు మొక్కుతా."

ఎవరో మగమనిషి వెనకనుంచి, "పరిశుద్ధాత్మను చక్కెర అంటాండావా?" అని లేచాడు. నేను లేచి నిలబడ్డాను. పాస్టరు చేయెత్తి అతణ్ణి కూర్చోబెట్టాడు కానీ, తనూ కుర్చీలో కూలబడ్డాడు.

ప్రేమయ్య అరవలేదు. కొట్టడానికి రాలేదు. డోలక్ పక్కన పెట్టి, చాలా మెల్లగా అడిగాడు.

"మాయమ్మ నోట్లో ఏదో అంటాండె కదా సిస్టరమ్మా. అది ప్రార్థన కాదా?"

"తెలీదన్నా. అప్పటికి మాట పోతుంది. ఏమనాలనుకునిందో తెలీదు."

"పిలిచిందేమో."

ప్రేమయ్య డోలక్ వైపు చూశాడు.

"మాయమ్మ నన్ను పిలుస్తాంటే," అన్నాడు, "నేను డోలక్ గట్టిగా వాయిస్తినా?"

కాదని చెప్పవే తల్లీ అని నేను లోపల్లోపల వేయి దేవుళ్ళకు మొక్కాను. ఒక్క అబద్ధం చెప్తే ఏం పోయింది? షుగరు సంగతి చెప్పేసింది, ఇక చాలు కదా. ఆ పిల్ల ఆ అబద్ధం చెప్పలేదు. ఏడుస్తూ అలాగే నిలబడింది.

అప్పుడు ప్రేమయ్య జనంలో వెతికి నన్ను చూశాడు. వాడి పిల్లలిద్దరికీ టీకాలు వేసింది నేనే. వాడి పెళ్ళాం కాన్పుకు ఆసుపత్రిలో తోడు కూర్చున్నదీ నేనే.

"తిరుపతక్కా, ఈ పాప చిన్నది, దీనికి తెలీదు. నువ్వు చెప్పు. అప్పుడు చక్కెర నోట్లో వేసింటే మాయమ్మ బతుకుతాండెనా?"

అందరి తలలూ నా వైపు తిరిగాయి. మాత్రల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలివాళ్ళు కూడా నన్నే చూస్తున్నారు. నేను కాదంటే వాడు బతికిపోతాడు. నేను కాదంటే వాళ్ళెవరూ తినరు. ఆ పిల్లను అన్ని తిట్లు తిట్టినదాన్ని, చివరికి ఆ మాట నా నోటికే వచ్చి కూర్చుంది.

"బతుకుతాండె నాయనా," అన్నాను.

ప్రేమయ్య తలూపాడు. లేచి, జనం మధ్యలో నుంచి నడుచుకుంటూ బయటికి పోయాడు. ఆటో స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదు. పాస్టరు భార్య లేచి చర్చి వెనక పొయ్యి ముట్టించి ఉప్మా చేసింది. ముసలివాళ్ళు తలలు వంచుకుని వచ్చి కూర్చున్నారు. ప్రేమజ్యోతి ఒక్కొక్కరి ముందు నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ తినిపించింది. ఎవరూ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. షుగరున్నవాళ్ళందరూ మాత్రం తిన్నారు.

ఆ గేరిలో మళ్ళీ అలా ఎవరూ పోలేదు. మా కేంద్రం పేరు చెప్పి ఇప్పుడు ట్రైనింగుల్లో ఉపవాసం సంగతి కూడా నేర్పిస్తున్నారట. ప్రేమజ్యోతి ఇంకా ఇక్కడే పనిచేస్తోంది, నవ్వడమే తగ్గించింది. ప్రేమయ్య ఎదురుపడితే ఆటో వేగం పెంచుకుని పోతాడు. ఆమెతోనూ మాట్లాడడు, నాతోనూ మాట్లాడడు. వాణ్ణి తప్పు పట్టలేను. బతికినన్నాళ్ళు తల్లికి ఏమీ చేయలేకపోయానని ఏడ్చే మనిషికి మిగిలింది ఆ చావొక్కటే. అది కూడా మేమే లాక్కున్నాం.